కామెంట్స్ డబ్బాలో దర్శి కబుర్లు

నేను కోల్డ్ స్టోరేజీలో పనిచేశానంటే జనం నన్ను మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, మోసినవాడిలా చూస్తారు. టిక్కీలు మోసినవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ భుజాలు వేరు. నేను మోసినవి ఫైళ్ళు, అవీ కంప్యూటర్లో ఉన్నవి. గుంటూరు ఊరి చివర మా కోల్డ్ స్టోరేజీ, దర్శి దగ్గర దానికే ఒక బ్రాంచి. సరుకు దాచినందుకు రైతులకిచ్చే బాండ్లు, నోటీసులు, ఇన్సూరెన్సు ఉత్తరాలు, లీజు అగ్రిమెంట్లు, రెండు చోట్లవీ ఒక సాఫ్ట్‌వేర్లో పెట్టి, అడిగినప్పుడు తీసివ్వడం నా ఉద్యోగం. ఆ సాఫ్ట్‌వేర్ని డాక్యుమెంట్ మేనేజర్ అనేవాళ్ళు. నన్నూ అదే అనేవాళ్ళు. ఓనరు సుబ్బారావుగారు ఫోన్లో ఎవరితోనో "మా మేనేజర్ మళ్ళీ మొరాయించింది" అంటుంటే, 'ది' విన్నాకే నాకు ప్రాణం కుదుటపడేది.

యాభై దాటాయో లేదో రిటైరయ్యాను. నన్నెవరూ పొమ్మనలేదు. ఫైళ్ళన్నీ క్లౌడ్ ఎక్కాయి, నేను కిందే ఉండిపోయాను. ఇప్పుడీ పనిలోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, ఇందులో నేర్చుకోవాల్సింది ఏముంది వెంకటేశ్వర్లుగారూ అని. వాళ్ళకోసమే ఇది. నాకు అబద్ధాలాడే అలవాటుందని గుంటూర్లో సగంమందికి తెలుసు. మిగతా సగంమంది నమ్మేశారు. ఇందులో అబద్ధం వచ్చిన చోట అబద్ధమనే చెబుతాను.

పేరు చూసి మోసపోవద్దు

ఫైలు పేరుని నమ్మకండి. మా దగ్గర ఒక్క లీజు అగ్రిమెంటుకి 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఇదే ఫైనల్', 'ఓనరుగారు చూసింది' అని నాలుగు పిల్లలుండేవి. నాలుగూ తెరిచి చదువుతూ కూర్చుంటే మధ్యాహ్నం అయిపోతుంది. రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూడండి. ఎవరు మొదలెట్టారు, ఎప్పుడు మార్చారు, ఎన్నిసార్లు సేవ్ చేశారు, చివర చెయ్యి పెట్టిందెవరు, అన్నీ అక్కడుంటాయి. పెళ్ళిచూపుల్లో వాళ్ళు చెప్పిందంతా విని, వచ్చేటప్పుడు ఆ వీధి చివర కిరాణా కొట్టు దగ్గర ఆగి ఇంకోసారి కనుక్కోవడం లాంటిది.

అయితే కిరాణా కొట్టువాడూ ఒక్కోసారి తప్పు చెబుతాడు. మా మొదటి కంప్యూటరు సెకండ్ హ్యాండుది. అంతకుముందు ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఉండేది. లోపల ఆయన ఆసుపత్రి పేరు ఎవరూ మార్చలేదు. దాంతో మేము ఏం టైపు చేసినా ఆథర్ అన్నచోట ఆ దంతవైద్యశాల పేరే పడేది. ఒకరోజు ఓనరుగారి కంట పడింది.

"ఒరేయ్ వెంకటేశ్వర్లూ, మన నోటీసు పళ్ళ డాక్టరు రాశాడేంట్రా?"

"రైతులు మన మీద పళ్ళు నూరుతున్నారు కదండీ, అందుకనేమో."

ఆయన నవ్వలేదు. ఆథర్ అంటే రాసినవాడు కాదని, ఆ కంప్యూటరు ఎవరి పేరు మీద ఉందో అదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. సుబ్బారావుగారు మంచివారే. చెబితే వింటారు. కాకపోతే ముందు తిట్టి తర్వాత వింటారు. తిట్టేటప్పుడు మాట్లాడొద్దు, వినేటప్పుడు తడుముకోవద్దు. ఇలాంటి పైవాడు దొరికితే వదులుకోకండి.

పుట్టకముందే మారిన నోటీసు

దర్శి బ్రాంచికి మేనేజరు ఓనరుగారి బావమరిది నాగేశ్వరరావు. తెల్లచొక్కా తప్ప వెయ్యడు. తన కుర్చీ కదలకుండానే మిగతావాళ్ళందరూ కదలాలనుకునే మనిషి. ఆయన దగ్గర కంప్యూటర్ మీద పనిచేసే ఆవిడ ఎస్తేరుగారు. అక్కడ టైపు చేసినవన్నీ పెన్‌డ్రైవులో వేసి లారీ డ్రైవరు చేతికిచ్చి గుంటూరు పంపేది, నేను ఎక్కించుకునేవాణ్ణి. ఫోన్లో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు రెండే. "పంపానండి" అని ఆవిడ, "అందిందండి" అని నేను.

ఒకసారి సరుకు నిలవుంచే చాంబరు ఒకటి రిపేరుకొచ్చి, రైతులు వచ్చి సరుకు చూసుకోమని నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. నోటీసు ఆలస్యంగా వెళ్ళింది. రైతులు గేటు దగ్గర గొడవపెట్టారు. నాగేశ్వరరావు తప్పంతా ఎస్తేరుగారి మీద తోశాడు. ఓనరుగారు ఫోను స్పీకర్లో పెట్టి నన్ను పిలిచారు.

"సోమవారమే చేశానంటుంది బావా. ప్రాపర్టీస్‌లో చూడు, పెన్‌డ్రైవులో ఉన్న ఫైలు పుట్టిందే మంగళవారం! అబద్ధం ఎంత తేలిగ్గా ఆడుతుందో!" అని అటునుంచి ఆయన.

ఆ వెనకాల ఆవిడ గొంతు సన్నగా వినబడింది. "సోమవారమే చేశానండీ. సంతకం మీరే ఆపారు."

నేను నా దగ్గరున్న కాపీ చూశాను. క్రియేటెడ్ మంగళవారం. మోడిఫైడ్ సోమవారం.

"నాగేశ్వరరావుగారూ, పుట్టింది మంగళవారం, మారింది సోమవారం అని ఉంది చూశారా? పుట్టకముందే ఎలా మారుతుందండీ ఏదైనా?"

"అదే నేనూ అంటున్నా, దొంగ ఫైలని!"

"దొంగది కాదండీ. ఫైలుని పెన్‌డ్రైవులోకి కాపీ చేస్తే అది అక్కడ మళ్ళీ పుట్టినట్టు రాసుకుంటుంది. మారిన తేదీ మాత్రం పాతజన్మదే ఉంటుంది. కాపీ చేసింది మంగళవారం. ఆవిడ పని ముగించింది సోమవారమే."

ఓనరుగారు బావమరిదిని ముందు తిట్టి తర్వాత విన్నారు. పిల్లలూ, క్రియేటెడ్ తేదీ చూసి ఎవరినీ దోషి చెయ్యకండి. ఆ ఒక్క ముక్క తెలియక ఎంతమంది మాటపడ్డారో.

మర్నాడు వచ్చిన పెన్‌డ్రైవులో ఒక ఫైలు ప్రాపర్టీస్ తెరిస్తే, కింద కామెంట్స్ అనే డబ్బాలో ఏదో చెత్త కనబడింది. కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, విరిగిన సున్నాలు. వైరసనుకున్నాను. అప్పట్లో మా తెలుగు ఫాంట్లు పాతరకంవి. ఆ ఫాంటు తగిలిస్తేనే తెలుగు, లేకపోతే అవే అక్షరాలు ఇలా పిచ్చి ఇంగ్లీషులా కనబడతాయి. ప్రాపర్టీస్ డబ్బాలో ఫాంటు తగిలించే వీలు లేదు. అనుమానం వచ్చి ఆ చెత్తని ఎత్తి ఖాళీ పేజీలో పోసి ఫాంటు మార్చాను.

'మాస్టారూ, థాంక్సండీ. ఫోన్లో చెప్పే వీల్లేదు. తాలుగారు పక్కనే ఉన్నారు. ఎస్తేరు.'

ఎండలో రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయని తాలు అంటారు మా వైపు. నాగేశ్వరరావు తెల్లచొక్కా కళ్ళ ముందుకొచ్చింది. ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చుని చాలాసేపు నవ్వాను.

ఎవరూ తెరవని డబ్బా

ఆ గది గురించి చెప్పాలి. సీజన్లో హమాలీలు, లారీలు, రైతులు, అరుపులు. చాంబర్లు నిండి తలుపులు మూశాక కంప్రెసరు హోరు ఒక్కటే మిగులుతుంది. నెలల తరబడి నా గదిలోకి ఘాటు తప్ప ఎవరూ వచ్చేవాళ్ళు కారు. ఇంటికెళ్తే అక్కడ ఘాటు కూడా లేదు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి తలా ఒక కారణం చెప్పాను, అందులో ఏ రెండూ కలవవు. అసలు కారణం ఎవరూ అంతసేపు కూర్చుని అడగలేదు.

అందుకని మర్నాడు, దర్శికి తిరిగెళ్ళే పెన్‌డ్రైవులో ఒక ఫైలు పెట్టి, దాని కామెంట్స్ డబ్బాలో నేనూ రాశాను. 'ఇవాళ తేజ రకం టిక్కీ ఒకటి పగిలింది. ఘాటుకి గోడ గడియారం తుమ్మి పావుగంట ముందుకెళ్ళింది. ఓనరుగారు పావుగంట ముందే ఇంటికెళ్ళారు.' ఇది అబద్ధం, చెప్పక్కర్లేదనుకుంటా.

జవాబు వచ్చింది. 'మాకూ ఒక తుమ్ము పంపండి మాస్టారూ. ఇక్కడ గడియారం నాలుగు దగ్గర కూలబడింది.'

అలా నడిచింది, ఏళ్ళపాటు. డబ్బా చిన్నది, నాలుగైదు లైన్ల కంటే పట్టదు. నా కీబోర్డులో మిరపగింజ పడి మొలిచిందని, ఎఫ్ ఫైవ్ పక్కన పూత వచ్చిందని, కాపు మాత్రం ఎంటర్ దగ్గరే ఉందని రాస్తే, 'కోతకి మా అమ్మని పంపనా? భోజనం మీదే. నీళ్ళు స్పేస్ బార్ కింద పెట్టండి, వేరు అక్కడుంటుంది' అని రాసింది. వాళ్ళమ్మ మిరపకోతలకి వెళ్ళి మోకాళ్ళు పోగొట్టుకుంది. వాళ్ళింట్లో నీడపట్టున కూర్చుని పనిచేసిన మొదటి మనిషి తనేనని, ఆ జీతం మీదే ఇల్లు నడుస్తుందని, ఆదివారం చర్చిలో పిల్లలకి పాటలు నేర్పుతుందని, ఇవన్నీ బాండ్ల అడుగునా ఇన్సూరెన్సు ఉత్తరాల అడుగునా తెలిసినవే.

ఆవిడ రాయనివి కూడా ప్రాపర్టీస్ చెప్పేవి. ఒక పేజీ ఉత్తరానికి రివిజన్ నంబరు అరవైకి పోయిందంటే దర్శిలో కరెంటు వచ్చిపోతుందని, ఎప్పుడు పోతుందోనని ఆవిడ లైనుకోసారి సేవ్ కొడుతుందని అర్థం. సేవ్ చేసిన టైము పొద్దున ఎనిమిదికి ముందుంటే అమ్మకి బాగాలేదు, సాయంత్రం త్వరగా ఇల్లు చేరాలని ఇంట్లో పని తెల్లారకముందే తెమిల్చి వచ్చిందన్నమాట. ముఖం తెలియని మనిషి ఇంట్లో ఎలా ఉందో నాకు గుంటూర్లో తెలిసిపోయేది. ఎవరికైనా చెప్పుకుందామంటే ఏమని చెప్పను?

ఒకసారి పాత నోటీసు ఒకటి మళ్ళీ వచ్చింది. మోడిఫైడ్ ఆ రోజుదే. లోపల ఒక్క అక్షరం మారలేదు. కామెంట్స్ తెరిచాను. 'మాస్టారూ, ఇవాళ నాతో ఎవరూ మాట్లాడలేదు. పంపడానికి ఫైలు కూడా లేదు. ఇది రాయడానికే పాతది తెరిచి సేవ్ చేశాను.'

ఆ రోజు నేను అబద్ధం రాయలేదు. 'నాతో కూడా' అని రాసి పంపాను.

ఇక్కడ మీకు పెద్దమనిషిలా ఒక మాట చెప్పాలి. ఆఫీసు ఫైళ్ళలో సొంత కబుర్లు రాయొద్దు. ఎవరూ చూడరనుకున్న డబ్బా ఏ సాఫ్ట్‌వేర్లోనూ ఉండదు. ఇది నిజంగా అంటున్నాను. పాటించమని మాత్రం గట్టిగా చెప్పలేను.

ఒక్క నొక్కు

కొత్త డాక్యుమెంట్ మేనేజర్ అమ్మడానికి తాడేపల్లి నుంచి ఇద్దరు కుర్రాళ్ళొచ్చారు. నాగేశ్వరరావు కూడా దర్శి నుంచి దిగాడు. ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మ వేసి చూపించారు. ఫైళ్ళన్నీ వరసగా, పక్కనే పేరు, తేదీ, ఆథర్, ఆ పక్కన కామెంట్స్. పాతదాంట్లో రైట్ క్లిక్ కొడితే తప్ప కనబడనిది ఇందులో వీధిగుమ్మంలో కూర్చుంది.

"ఆ చివర పిచ్చి గీతలేంటయ్యా?" అన్నాడు నాగేశ్వరరావు.

"పాత తెలుగు ఫాంటండీ. మా కన్వర్టర్ ఒక్క నొక్కుతో మొత్తం యూనికోడ్ చేసేస్తుంది. ఎవరైనా చదువుకోవచ్చు."

"ఆ గీతలు కూడానా?"

"వాటితో సహా అండీ."

"అయితే చెయ్యండి. ఏం రాసుందో చూద్దాం."

ఓనరుగారు సోమవారం మొదలెట్టమన్నారు. అది శనివారం. నా సంగతి సరే, నా అబద్ధాలకి ఓనరుగారు ముందు తిట్టి తర్వాత నవ్వుతారు. ఆవిడది అలా కాదు. తన ఆఫీసులో కూర్చుని తన ముందే 'తాలుగారు' అని అన్నేళ్ళు రాసిన ఆడమనిషిని నాగేశ్వరరావు ఒక్కపూట ఉంచడు. ఉద్యోగం పీకడంతో కూడా ఊరుకోడు. పరాయి మగవాడితో కబుర్లని ఊళ్ళో, చర్చిలో పనిగట్టుకుని చెబుతాడు. అందులో చెడ్డమాట ఒక్కటి లేదు. లేదని ఎవరు చదివి చూస్తారు?

ఆ సాయంత్రం, ఆయన ఇంకా దర్శి చేరలేదని తెలుసుకుని ఫోను చేశాను. పంపానండి, అందిందండి కాకుండా మేం మాట్లాడుకోవడం అదే మొదలు.

విషయమంతా విని, "నిజమేనా మాస్టారూ? కథ కాదుగా?" అంది.

"కథైతే బాగుండేదండీ."

"తాలుగారని ఎన్నిచోట్ల రాసుంటాను?"

"ఆయన సంతకం ఉన్న చోట్లకంటే ఎక్కువే."

నవ్వింది. నవ్వు మధ్యలో ఆగింది. "అమ్మ మోకాలికి ఆపరేషన్ చెయ్యాలన్నారండీ. ఇప్పుడు ఈ పని పోతే..."

"తెలుసండీ. రాశారుగా."

"తీసెయ్యండి," అంది.

"అన్నీనా?"

"అన్నీ. ఇక్కడున్నవి నేను తీసేస్తాను. కాపీ కూడా పెట్టుకోవద్దు. ఎక్కడున్నా ఉన్నట్టే కదండీ."

"నా మాటకేముంది, ఎవరు నమ్ముతారు?"

"నేను నమ్ముతాను. చెప్పండి."

"పెట్టుకోను."

"చదివి తీసేస్తారా, చదవకుండానా?"

"చదివే."

"అయితే నిదానంగా చదవండి మాస్టారూ. రేపు పొద్దున నేను చర్చిలో ఉంటాను. ఇప్పుడు ఏది చదువుతున్నారోనని అక్కడ కూర్చుని అనుకుంటాను."

ఆదివారం

ఆదివారం పొద్దున వాచ్‌మన్‌తో తాళం తీయించాను. పిల్లలూ, ఈ పని ఎలా చెయ్యాలో చెబుతాను, మీకు మంచిపనికే ఉపయోగపడాలి. ఫైళ్ళన్నీ ఒకేసారి పట్టుకుని ప్రాపర్టీస్‌లోకి వెళ్తే, అడుగున సొంత వివరాలు తీసెయ్యమనే మాట ఉంటుంది. నొక్కితే ఏవేవి తియ్యాలో టిక్కు పెట్టమంటుంది. తీసేస్తే మోడిఫైడ్ తేదీ మారిపోతుంది. అందుకే పాత తేదీలన్నీ ముందే ప్రింటు తీసి పెట్టాను. రికార్డు చూసేవాడికి తేదీ పోగొట్టడం కంటే తప్పు ఇంకొకటి లేదు.

తర్వాత ఒక్కొక్కటే తెరిచాను. ఫాంటు మార్చే పని ఎప్పుడో మానేశాను, ఆ కొమ్ముల అక్షరాలే నాకు తెలుగులా కనబడేవి. ఆవిడవన్నీ చదివాను. నావి కూడా చదివాను. నా అబద్ధాలు చదువుకుని నవ్వు రాకపోవడం అదే మొదటిసారి. గదిలోకి ఎవరూ రాక, ఎవరో మనిషి గడియారాన్నీ కీబోర్డునీ పట్టుకుని మాట్లాడుతున్నట్టుంది.

ఆపరేషన్ గురించి రాసింది చివరిది. అదీ చదివాను. కామెంట్స్ ముందు టిక్కు పెట్టాను. ఆథర్, లాస్ట్ సేవ్డ్ బై ముందు పెట్టలేదు. ఆ పనంతా చేసింది ఆవిడ, ఆ పేరు అక్కడ ఉండాలి. నొక్కాను. టీ పొంగేంతసేపు కూడా పట్టలేదు. మళ్ళీ తెరిచి చూస్తే డబ్బాలు తెల్లగా ఉన్నాయి. నొక్కేముందు కాపీ తీసుకోవడానికి పెన్‌డ్రైవు జేబులోనే ఉంది. ఆ ఊళ్ళో, ఈ ఊళ్ళో, అబద్ధాలాడతానని తెలిసి కూడా నా మాట నమ్మిన మనిషి ఆవిడ ఒక్కతే. జేబులోంచి తియ్యలేదు.

సోమవారం కన్వర్టర్ నడిచింది. దర్శి నుంచి మళ్ళీ దిగిన నాగేశ్వరరావు కుర్చీలోంచి లేచి మరీ తెర దగ్గరకొచ్చాడు.

"మొన్న ఇక్కడ ఏదో ఉందే! అన్ని ఫైళ్ళూ నిన్న మారినట్టున్నాయేంటి?"

"వైరసండీ. నిన్న వచ్చి దులిపాను. పాత తేదీలు ఇవిగో, ప్రింటు."

"ఆదివారం కూడా వచ్చాడయ్యా మనిషి, నీకేంటి నెప్పి?" అని ఓనరుగారు బావమరిదిని కసిరారు. ఎస్తేరుగారి ఉద్యోగం నిలిచింది. వాళ్ళమ్మకి ఆపరేషన్ అయిందని తర్వాత మామూలు మాటల్లో తెలిసింది.

కొత్తదాంట్లో ఎవరేం రాసినా పేరుతో, టైముతో, అందరికీ కనబడుతుంది. ఇద్దరం ఏమీ రాయలేదు. పంపానండి, అందిందండి.

దర్శి

కొత్త సాఫ్ట్‌వేర్ నేర్పి రమ్మని ఓనరుగారు నన్ను దర్శి పంపారు. అద్దంకి మీదుగా మా లారీలోనే వెళ్ళాను. దారంతా ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉన్నాను.

చిన్న గది. మధ్యలో నాగేశ్వరరావు బల్ల, కిటికీ పక్కన ఆవిడది. కళ్ళజోడు, నేత చీర, నేననుకున్నదానికంటే పొట్టి. నన్ను చూసి ఆవిడా అదే అనుకుని ఉంటుంది. లేచి నిలబడింది.

"నమస్తే సార్."

మాస్టారూ అనలేదు. అనకూడదు కూడా. నేనూ ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని, ఫైలు ఎక్కించడం, వెతకడం, ప్రాపర్టీస్ కనబడే చోటు, అన్నీ చూపించాను. ఆవిడకి అవన్నీ నాకంటే ముందే వచ్చు. తెలియనట్టు అడిగింది, తెలియనివాళ్ళకి చెప్పినట్టు చెప్పాను. అలా అయినా ఆ పూట గడుస్తుందని. నాగేశ్వరరావు పేపరు చదువుతూ కుర్చీ వదల్లేదు.

లారీ హారన్ కొట్టింది. నేను లేచాను. ఆవిడ తెరవైపే చూస్తూ అడిగింది.

"గుంటూర్లో ఎండలెలా ఉన్నాయి సార్?"

నాలుక చివరికి వచ్చేసింది. తారురోడ్డు వేడికి తట్టుకోలేక లేచి వెళ్ళి మార్కెట్ యార్డు షెడ్డు నీడలో పడుకుందని, లారీలన్నీ రోడ్డుని వెతుక్కుంటున్నాయని. ఆవిడ చెయ్యి మౌసు మీద ఆగి ఉంది. నాగేశ్వరరావు పేపరు కొంచెం దించి నావైపు చూశాడు.

"మామూలుగానే ఉన్నాయండీ," అన్నాను.

"ఇక్కడా మామూలేనండీ," అని ఆవిడ ఫైలు సేవ్ చేసింది.